ఆయన ఓటు, నా చెయ్యి

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండూ లేకపోతే ఆ రోజు ఆ తప్పు చేసేదాన్ని కాదేమో. లేకపోయినా చేసేదాన్నేమో. ఇంతకాలమైనా నాకే తేలడం లేదు, అందుకే రాస్తున్నాను.

మా ఆయనకు మదరాసు జార్జి టౌన్‌లో కవర్ల దుకాణం ఉండేది. శుభలేఖల కవర్లు, ఆఫీసు కవర్లు, లోపల గుడ్డ అంటించిన పెద్ద కవర్లు, అన్నీ టోకు బేరమే. ముప్పై ఏళ్లు కవర్ల మీద బతికాం. ఎవరింటి నుంచి శుభలేఖ వచ్చినా ఆయన ముందు లోపలి కార్డు చదివేవారు కాదు. మూత మీద వేలు రాసి, గమ్ము ఎంత మందాన పూశారో చూసేవారు. పెళ్లి ఎవరిదండీ అని నేనడిగితే, "గమ్ము నాసిరకం" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

తర్వాత పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, ఆయన చెప్పదలచుకున్నదే బయటికి రాదు. గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది. దాని అర్థం నాకు తెలుసని నేను అందరికీ చెప్పుకునేదాన్ని. దుకాణం ఇచ్చేశాం. రాయపురంలో మేడమీది వాటా నుంచి కింది వాటాకి దిగాం. అప్పటినుంచి ఆయన తరఫున అన్నీ నేనే. నొప్పి ఎక్కడుందని డాక్టరు ఆయన్ను అడిగితే నేను జవాబు చెబుతాను. ఇడ్లీయా ఉప్మావా, ఏ చొక్కా, ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా, అంతా నేనే తేలుస్తాను. మొదట్లో ఆయన ముఖం చూసి అడిగేదాన్ని. రానురాను అడగడం మానేశాను. మానెయ్యాలనుకుని మానలేదు. అదే మానిపోయింది.

ఇలా ఉండగా అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. మా వీధి ఓటర్ల లిస్టు చూసే టీచరమ్మ ఒక ఫారం తెచ్చింది. నడవలేనివాళ్లు ఇంట్లోనే ఓటు వెయ్యొచ్చని, ఆఫీసర్లే ఇంటికి వస్తారని చెప్పింది. నేను నమ్మలేదు. రేషన్ కార్డులో అక్షరం దిద్దించడానికి నాలుగుసార్లు తిప్పిన ప్రభుత్వం ఓటు కోసం మా గుమ్మం ఎక్కుతుందా? కానీ వచ్చారు. ఇద్దరు ఆఫీసర్లు, ఒక పోలీసు, ఒక వీడియో అతను. మా భోజనాల బల్ల మీద మూడు వైపులా అట్ట నిలబెట్టి, దాని వెనకాల మా ఆయన్ను కూర్చోబెట్టారు. ఓటు కాగితం, పెన్ను చేతికిచ్చారు. తోడుగా నేనుండొచ్చన్నారు. వీడియో అతను మర్యాదగా కెమెరా గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆయన పెన్ను ఎడమ చేత్తో పట్టుకుని కాగితం చూస్తూ కూర్చున్నారు. చూస్తూనే ఉన్నారు. ఒక ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"ఇంకా పదకొండు ఇండ్లు ఉండాయమ్మా మాకు," అన్నాడు. మేం తెలుగువాళ్లమని పేర్లు చూసి కనుక్కున్నాడు, తిరుత్తణి వైపు మనిషట.

నాకు సిగ్గేసింది. వచ్చినవాళ్లకు కాఫీ అయినా ఇవ్వలేదు, పైగా నిలబెట్టి ఉంచుతున్నాం. పెన్ను ఆయన వేళ్లలోంచి తీసుకున్నాను. "ఇదేనా?" అని ఒక గుర్తు దగ్గర పెట్టి అడిగాను. ఆయన తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఆయన కళ్లు కాగితం మీదే ఉన్నాయి. నేను టిక్కు కొట్టేశాను. ఆ గుర్తు నాకు నచ్చిన గుర్తు. ఆయనకూ అదే నచ్చి ఉంటుందని ఎందుకనుకున్నానో నాకు తెలియదు. ఎప్పుడూ అడిగి ఎరగను.

తర్వాత కాగితం మడిచి చిన్న కవరులో పెట్టి మూయాలి. అది మాత్రం ఆయన చేతికే ఇచ్చాను, కవర్ల మనిషి కదా అని. ఆయన కవరు ఒళ్లో పెట్టుకుని దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. మూయలేదు.

నేను నవ్వాను. "ఈయన కవర్ల వ్యాపారం చేసినాడు సార్. మీ గమ్ము ఎట్లుందో చూస్తాండాడు," అన్నాను. అందరూ నవ్వారు. పోలీసు కూడా నవ్వాడు. ఆఫీసరు మెల్లగా ఆయన చెయ్యి తీసి, కవరు తీసుకుని, తనే గమ్ము రాసి మూశాడు. దాన్ని ఇంకో పెద్ద కవరులో పెట్టాడు. వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. మామిడికాయ పప్పులో ఉప్పెక్కువైందేమో అనుకున్నాను.

పది రోజులు పోయాక ఒక ఆఫీసుకు కాగితాలు పోస్టు చెయ్యాల్సి వచ్చింది. కవరు ఆయన ముందు పెట్టి మళ్లీ వంటింట్లోకి వెళ్లబోతున్నాను. ఆయన దాన్ని ఎడమ చేత్తో తీసుకున్నారు, మూత అంచు నాలుకతో తడిపారు, మోకాలి మీద పెట్టి బొటనవేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క రుద్దు రుద్దారు. అయిపోయింది. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చెయ్యి రాక ఆ రోజు మూయలేదనుకున్నాను. గమ్ము బాగాలేక అనుకున్నాను. చెయ్యి వచ్చు. ఏ గమ్మునైనా అంటించగలడు ఆ మనిషి. అది ఆయన ఓటు కాదు కాబట్టి మూయలేదు.

ఇది ఎంత తప్పో తెలియాలంటే మా పెళ్లయిన కొత్తలో సంగతి చెప్పాలి. మా మామగారి ఇంట్లో ఓట్ల రోజు పొద్దున్నే కొడుకులను, కోడళ్లను వరసగా నిలబెట్టి ఏ గుర్తుకు వెయ్యాలో మామగారు చెప్పేవారు. ఎదురు మాట ఉండేది కాదు. నాకది మొదటి ఓటు. బూత్‌కు నడిచి వెళ్తుండగా మా ఆయన కొంచెం వెనకబడి నా పక్కకు వచ్చారు.

"మా నాయన చెప్పింది విన్నావు గదా. ఆడ లోపల మా నాయన ఉండడు, నేనూ ఉండను. నీకు తోచిన దానికి గుద్దు. ఎవరికి గుద్దినావో నాకు గూడా చెప్పొద్దు. నేనూ చెప్పను," అన్నారు.

ఆ రోజుల్లో కాగితం మీద ముద్ర గుద్దేవాళ్లం. నాకు ఇష్టమైన దానికి గుద్ది బయటికొచ్చాను. అప్పటినుంచి మేం ఒకరి ఓటు ఒకరం అడగలేదు. టీవీ ముందు కూర్చుని పార్టీలన్నిటినీ తిట్టేవాళ్లం, ఎవరికి వేశామన్నది మాత్రం నోట రానిచ్చేవాళ్లం కాదు. పుట్టింట్లో మా అమ్మ కూడా ఇవ్వని స్వేచ్ఛ ఆయన ఇచ్చారు నాకు. నేను ఆయన చేతిలోంచి పెన్ను లాక్కున్నాను.

మరుసటి ఏడు కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఆయన ఓటు ఆయనే వెయ్యాలి, రాత్రయినా సరే, ఆఫీసర్లు పదకొండు ఇళ్లు కాదు నూట పదకొండు ఇళ్లు తిరగాల్సి ఉన్నా సరే, అనుకున్నాను. ఆ మాట ఆయనతో పైకి చెప్పలేదు. చెబితే పాత తప్పు ఒప్పుకోవాలి కదా.

గొడవల్లా ఏమిటంటే మా వార్డులో నిలబడ్డవాళ్లలో మా ఎదురింటి అమ్మాయి ఒకతె. అమ్మాయంటే నలభై దాటింది. మా తెలుగువాళ్లే. మా ఆయన మంచం పట్టినప్పటినుంచి ఆ పిల్ల చేసిన సాయం ఇంతా అంతా కాదు. చక్రాల కుర్చీ ఎక్కడ దొరుకుతుందో వెతికి తెచ్చింది తనే. మా రెండు ఓట్లూ తనవేనని ఆమె లెక్క. వీధి మొత్తానికీ అదే లెక్క.

టీచరమ్మకు ఫోన్ చేసి, ఫారం ఎప్పుడు తెస్తావన్నాను.

"ఆ ఓటు వేరే, ఈ ఓటు వేరే మా. దానికి ఢిల్లీ ఎలక్షన్ కమిషన్, దీనికి రాష్ట్రం కమిషన్. ఫారం ఉండాదో లేదో నాకే తెలీదు. ఆఫీసులో అడగండి," అంది.

ఓటు వేరేమిటి? మనిషి అదే, కాలు అదే, వీధి అదే. ఢిల్లీకో, కోటలోని అసెంబ్లీకో మనిషిని పంపడానికి ఇంటికొచ్చిన ఓటు, మా వీధి కాలవ బాగుచేసే మనిషిని ఎంచుకోవడానికి రాదా? నాకు బుర్ర తిరిగింది. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లాను. ఒకతను రెండో అంతస్తుకు వెళ్లమన్నాడు, రెండో అంతస్తులో అతను కిందనే చెప్పాలన్నాడు. కింద ఇంకొకతను లెటర్ రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. నా దగ్గరున్న కాపీ మీద గుండ్రటి సీలు ఒకటి కొట్టి, "చూస్తాం మా," అన్నాడు.

ఆ సీలు చూశాక నా మనసు కుదుటపడింది. జార్జి టౌన్‌లో మా దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. మనం పంపిన ఆర్డరు కాపీ మీద కాగితం మిల్లువాళ్ల సీలు పడి తిరిగొచ్చిందంటే సరుకు బయల్దేరినట్టే. సీలు పడ్డాక సరుకు రాకపోవడం మేం చూడలేదు. ఇంటికొచ్చి కాపీ ఆయనకు చూపించాను. ఆయన సీలు మీద వేలు పెట్టి చూసి, తృప్తిగా తల ఆడించారు. ఒక కవర్ల వ్యాపారి, అతని పెళ్లాం తప్ప ఈ మదరాసులో ఇంకెవరూ ఆ సీలు చూసి అంత ధైర్యపడి ఉండరు.

ఓట్ల రోజు ఏడింటికల్లా వెళ్లి నా ఓటు వేసి వచ్చేశాను. గేటు దగ్గర పోలీసును అడిగాను, ఇళ్లకు ఎప్పుడు బయల్దేరతారని. "వస్తారు, వస్తారు," అన్నాడు. పరుగున ఇంటికొచ్చి ఆయనకు గడ్డం గీసి, స్నానం చేయించి, తెల్ల చొక్కా తొడిగాను. భోజనాల బల్ల తుడిచి కిటికీ దగ్గరికి జరిపాను, అట్ట నిలబెట్టడానికి వీలుగా. ఈసారి కాఫీకి పాలు కూడా ఎక్కువ తీసుకున్నాను.

పదింటికి ఎదురింటి అమ్మాయి వచ్చింది.

"వదినా, అన్నను కార్లో పిలుచుకోని పోతాము. మా వాళ్లు నలుగురు చైర్‌తో సహా ఎత్తుకోని ఆడ దించుతారు. నువ్వు సరి అను చాలు."

"ఇంటికే వస్తారు, లెటర్ ఇచ్చినాను," అన్నాను గర్వంగా. ఆమె నన్ను వింతగా చూసింది, కానీ ఆ రోజు ఆమెకు నిలబడి మాట్లాడే తీరిక ఎక్కడిది? వెళ్లిపోయింది.

మేం ఎదురుచూశాం. బయట బండి ఆగినప్పుడల్లా నేను లేచేదాన్ని, ఆయన బల్ల వైపు చూసేవారు. అన్నం గుమ్మంవైపు చెవి పెట్టే తిన్నాం. రెండయింది, మూడయింది. పాలు రెండుసార్లు కాచాను. నాలుగింటికి టీచరమ్మకు మళ్లీ ఫోన్ చేశాను.

"అయ్యో, ఎవరూ రారు మా. ఈ ఎలక్షన్‌కు అది లేదంట. సీలు వేసినారంటే మీ లెటర్ వాళ్లకు అందిందని, అంతే దా. ఐదు దాటితే కరోనా ఉన్నోళ్లు ఓటేసేదానికి మాత్రమే. పోయేదుంటే ఇప్పుడే పోండి."

పాపం, ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె చేసిందేమీ లేదు. ఫోన్ పెట్టేసి ఆయన్ను చూశాను. అంతా విన్నారు. ఎడమ చెయ్యి చక్రం మీద వేసి కుర్చీని వాకిలి వైపు తిప్పారు. ఒక్క చేత్తో తిప్పితే కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది గానీ ముందుకు పోదు. అలా తిరుగుతూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది.

వీధి చివర ఆటో పిలిచాను. ఆటో అతనూ నేనూ కలిసి ఆయన్ను ఎక్కించి, కుర్చీ మడిచి వెనకాల కట్టాం. బూత్ మూడు వీధుల అవతల స్కూల్లో. మెట్ల మీద చెక్క ఒకటి వాల్చి పెట్టారు. గదిలోకి చేరేసరికి ఐదుకు పావుగంట ఉంది.

లోపల ఆఫీసరు మంచివాడే. ఆయన్ను చూడగానే లైను ఆపి దారి ఇచ్చాడు. వేలికి సిరా పెట్టారు. "తోడు వచ్చినవాళ్లు వెయ్యొచ్చు మా, రూల్ ఉంది. ఇక్కడ సంతకం పెట్టి మీరే నొక్కేయండి," అన్నాడు తమిళంలో. సంతకం పెట్టాను. నా కుడి చేతి వేలికీ సిరా రాశారు, తోడొచ్చిన గుర్తుకు.

మిషను ఎత్తు బల్ల మీద అట్టల మధ్య ఉంది. కుర్చీలో కూర్చుంటే ఆయన నుదురు బల్ల అంచుకు వస్తోంది. గుర్తులు కనబడవు, చెయ్యి అందదు.

"దాన్ని కొంచెం కిందికి దించండి సార్," అన్నాను.

"కుదరదు మా. వైరు కట్టేశాం, కదపకూడదు. మీరు నొక్కండి, ఎవరు కాదంటారు?"

"నేను నొక్కను."

"మరి ఎవరు నొక్కుతారు?"

"ఆయనే."

వెనక లైన్లో ఎవరో గొణిగారు. ఎదురింటి అమ్మాయి తరఫున కూర్చున్న ఏజెంటు, "నొక్కేయండి అత్తా, మన గుర్తు తెలుసుగదా," అన్నాడు నవ్వుతూ. ఆఫీసరు అతన్ని కసిరాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా వేలు ఆడింది. ఒక్క నొక్కు. ఎదురింటి పిల్ల రుణం తీరుతుంది, ఈ జనం ముందు నుంచి బయటపడతాం, ఇంటికెళ్లి ఆయన్ను పడుకోబెట్టొచ్చు. ఆయన నన్ను చూస్తున్నారు. ఏమి అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. నొక్కమనా, వద్దనా? ఆయన ముఖం నాకు చదవడం వచ్చని ఊరంతా చెప్పుకున్నదాన్ని, ఒక్క ముక్క అర్థం కాలేదు.

అర్థం కాలేదు కాబట్టే ఆ పని చేశాను. రోజూ మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు ఆయనకు ఎదురుగా నిలబడి ఎత్తుతాను. ఇప్పుడు వెనక నుంచి ఎత్తాలి. చంకల కింద చేతులు పోనిచ్చి, రొమ్ము మీద వేళ్లు పెనవేసి, ఒక్క ఊపున లేపాను. కుర్చీని మోకాలితో పక్కకి తోసి ఆయనకు ఆనుకుని నిలబడ్డాను. బరువంతా నా మీద పడింది. నా ముఖం ఆయన వీపుకు అదుముకుపోయింది. తెల్ల చొక్కా తప్ప ఏమీ కనబడదు. అయినా కళ్లు మూసుకున్నాను.

ఆయన తొందరపడలేదు. ఎప్పుడు తొందరపడ్డారు గనక? నా నడుము పట్టేస్తోంది. "నొక్కండి" అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట కూడా నాది కాకూడదనిపించింది. పళ్లు బిగబట్టాను. ఆయన గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. చాలాసేపటికి మిషను నుంచి పొడుగ్గా కూత వచ్చింది. ఆఫీసరు, "ఆయిపోచ్చు మా," అన్నాడు, అయిపోయిందని. ఆయన్ను కుర్చీలో దించి, నేను నేల మీద చతికిలబడ్డాను. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.

స్కూలు దాటి మలుపు తిరిగాక ఎదురింటి అమ్మాయి మనుషులతో నిలబడి ఉంది. ఆటో ఆపింది.

"వదినా, వచ్చినారా! అన్న ఓటు మనకే గదా?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.

నేను వేళాకోళమాడుతున్నాననుకుని ఆమె నవ్వేసింది. నేను నిజమే చెప్పాను. అలా చెప్పగలిగినందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో ఆమెకు అర్థమయ్యే వీలు లేదు.

ఆటో మళ్లీ కదిలాక, నేల చూస్తూ ఆయనతో అన్నాను. "పోయినసారి టిక్కు నాది. మీది కాదు. తప్పు చేసినాను."

ఆయన నా వైపు తిరగలేదు. రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. బస్సులు, చేపల బుట్టలు మోసుకెళ్లే ఆడవాళ్లు, ఆటో చప్పుడు. విన్నారో లేదో. వింటే క్షమించారో లేదో. తొంగి చూస్తే ఆయన ముఖంలో నాకు నచ్చిన జవాబు ఏదో ఒకటి కనబడేది, నాకు తెలుసు. అందుకే చూడలేదు. ఈ జవాబు కూడా ఆయన బదులు నేనే రాసేసుకుంటానేమోనని భయం వేసింది.

ఇల్లు వచ్చింది. ఆయన్ను దించాను. క్షమించారా అని ఇప్పటిదాకా అడగలేదు. ఆయనే చెప్పాలి.